ఫిడేలు సాధకంలో చెయ్యి బిగుసుకుపోతోందా? ధ్యాస ఎక్కడ పెట్టాలో చూడండి

పెద్దయ్యాక ఫిడేలు మొదలుపెట్టినవాళ్లలో తరచుగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. పాఠం నోటికి వచ్చు, స్వరం తెలుసు, తాళం తెలుసు. కమాను (ఫిడేలు వాయించే వెంట్రుకల బద్ద) తీగ మీద పెట్టగానే మాత్రం తలలో ప్రశ్నలు మొదలవుతాయి. కుడి బొటనవేలు వంగిందా? చిటికెనవేలు గుండ్రంగా ఉందా? మోచెయ్యి కిందికి జారుతోందా? భుజం పైకి లేచిందా? ఎడమ మణికట్టు లోపలికి పడిపోయిందా? ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు టీచరు చెప్పిన మాటలే, వాటిలో ఒక్కటీ తప్పు కాదు. అన్నీ ఒకేసారి గుర్తొచ్చేసరికి చెయ్యి బిగుసుకుంటుంది, శబ్దం గరగరమంటుంది. ఆ గరగర విని ఇంకాస్త జాగ్రత్త పడతారు, చెయ్యి ఇంకాస్త బిగుస్తుంది. గంటసేపు కూర్చుని లేచేటప్పటికి మెడనొప్పి, దిగులు తప్ప ఏమీ మిగలదు.

నేను విజయనగరంలో ఫిడేలు పాఠాలు చెబుతాను. సాయంత్రం ఊళ్లో పిల్లలు ఇంటికి వస్తారు. తెల్లవారుజామున అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఆన్‌లైన్‌లో చెబుతాను. వాళ్లలో సాఫ్ట్‌వేర్‌వాళ్లు, డాక్టర్లు, లెక్చరర్లు ఎక్కువ. ఏ పనినైనా ముక్కలుగా విడదీసి అర్థం చేసుకోవడం వాళ్లకు ఉద్యోగం నేర్పిన అలవాటు. కమాను దగ్గరకు కూడా ఆ అలవాటుతోనే వస్తారు. చిన్నపిల్లకి "ఈ స చివరిదాకా ఒకేలా వినపడాలమ్మా" అంటే చాలు, అలా వినపడేదాకా లాగుతూ కూర్చుంటుంది. అదే మాట పెద్దవాళ్లకు చెబితే "అంటే మణికట్టు ఎక్కడ తిప్పాలి మేడమ్?" అని అడుగుతారు. అడగడం మంచిదే. జవాబు తెలుసుకోవడం కూడా మంచిదే. కానీ ఆ జవాబును తలలో పెట్టుకుని వాయించకూడదు. చేతిని సరిచేసుకోవడానికి వేరే సమయం ఉంది. వాయించేటప్పుడు ధ్యాస నాదం మీదే ఉండాలి. ఇది ఎలా చెయ్యాలో నా పద్ధతి చెబుతాను.

చెయ్యి ఎందుకు మొండికేస్తుంది

ముగ్గు వేసేటప్పుడు మన చూపు ఎక్కడ ఉంటుందో గమనించండి. గీత వెళ్లి చేరాల్సిన చుక్క మీద ఉంటుంది. పిండి జారుతున్న వేళ్ల మీద ఉండదు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య సందు ఎంతుందో చూసుకుంటూ గీస్తే గీత వంకర పోతుంది. ఎంతో అలవాటున్న చేతికి కూడా అంతే.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. సైకాలజీ చదువుకున్న నా విద్యార్థి ఒకరు వాటిని చూపించారు. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. మంచు మీద జారే ఆటను పోలిన యంత్రం మీద కొందరిని నిలబెట్టి, కొందరికి పాదం మీద ధ్యాస పెట్టమని, కొందరికి ఆ పాదం కింద ఉన్న చక్రాల మీద పెట్టమని చెప్పారు. పాదానికి, చక్రానికి మధ్య దూరం ఏమంత లేదు. అయినా చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. మనం శరీర భాగాన్ని పట్టించుకుని నడపబోతే, తనంతట తాను సాగాల్సిన కదలికకు మనమే అడ్డం పడతామని తర్వాత వాళ్లు వివరించారు. సంగీతంలో కూడా ఇలాంటి పని జరిగింది. 2011లో రాబర్ట్ డ్యూక్, మరో ఇద్దరు కలిసి సంగీత విద్యార్థుల చేత కీబోర్డు మీద చిన్న వరుస వాయింపించారు. ధ్యాస వేళ్ల మీద ఉన్నప్పటికన్నా, వచ్చే శబ్దం మీదో, పియానో లోపల తీగను కొట్టే సుత్తి మీదో ఉన్నప్పుడు, ఆ తర్వాత వాయించిన కొత్త వరుసలో స్వరాలు ఎక్కువ సమంగా పడ్డాయి.

నాకు ఈ ప్రయోగాలు నచ్చడానికి కారణం, మన గురువులు ఎప్పటినుంచో "ముందు పాడి, ఆ తర్వాత వాయించు" అని ఎందుకు అంటారో ఇవి చెబుతున్నాయి. పాడినప్పుడు ధ్యాస తప్పనిసరిగా స్వరం మీదికి పోతుంది.

కూర్చునే తీరు ఒక్కసారి సరిచూసుకోండి

కొన్ని ఇబ్బందులు ఆలోచించినా పోవు, ఆలోచించకపోయినా పోవు. అవి ఏర్పాటులో ఉన్న లోపాలు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యాన్ని మన సంగీతానికి అలవాటు చేశాక, మనవాళ్లు దాన్ని నేల మీద కూర్చుని వాయించడం స్థిరపడింది. ఫిడేలు తల కుడి చీలమండ మీద ఆనుతుంది, వెడల్పు కొస ఎడమవైపు ఛాతీకి, భుజానికి మధ్య ఆనుతుంది. ఈ రెండు ఆధారాలూ గట్టిగా ఉంటే ఎడమచెయ్యి వాద్యాన్ని మొయ్యనక్కర్లేదు, తీగ వెంబడి హాయిగా జారవచ్చు. స్వరంనుంచి స్వరానికి జారే మన జారులకు, స్వరాన్ని ఊపే గమకాలకు ఆ స్వేచ్ఛ చాలా అవసరం.

పై ఆధారం జారిపోతుంటే ఎడమ బొటనవేలు ఫిడేలు మెడను పట్టుకు వేలాడుతుంది. అప్పుడు "బొటనవేలు వదులు, వదులు" అని ఎంతసేపు అనుకున్నా వదలదు. వదిలితే ఫిడేలు పడిపోతుందని దానికి తెలుసు. వంటింటి అరల్లో పరిచే జారని రబ్బరు షీటు ఉంటుంది కదా, అందులోంచి అరచెయ్యంత ముక్క కత్తిరించి, ఫిడేలుకీ ఛాతీకీ మధ్య పెట్టుకోండి. సిల్కు చీర, నున్నటి కుర్తా వేసుకున్నప్పుడు మరీ అవసరం. మోకాళ్లు నేలకు ఆనక నడుము వంగిపోతుంటే కింద నాలుగు వేళ్ల మందం దిండు వేసుకోండి. తీగలు మరీ ఎత్తుగా ఉండి వేలు నొక్కలేకపోతుంటే వాద్యాలు బాగుచేసేవారి దగ్గరికి తీసుకెళ్లి తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి సరిచేయించండి. ఇలా ఏర్పాటు మార్చి తీర్చగలిగినదాన్ని ఎప్పుడూ వేలికి అప్పగించకండి. ఈ పని ఒక్కరోజులో అయిపోవాలి, మళ్లీ రోజూ దీని గురించి ఆలోచించవద్దు.

కమాను: చేతికి కాదు, శబ్దానికి పని చెప్పండి

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. కమాను బరువు సుమారు 60 గ్రాములు. వెంట్రుక పొడవు 65 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. చేత్తో పట్టుకునే కొస దగ్గర బరువు ఎక్కువ తగులుతుంది, అవతలి కొస దగ్గర తక్కువ. అందుకని కమాను లాగుతూ పోతుంటే శబ్దం దానంతట అదే సన్నబడుతుంది. దీన్ని సరిచెయ్యడానికి పుస్తకాలు, వీడియోలు ఇచ్చే సూచనలు చాలా ఉన్నాయి. చూపుడువేలు వాలాలి, ముంజెయ్యి లోపలికి తిరగాలి, చిటికెనవేలు వదలాలి, మోచెయ్యి తెరుచుకోవాలి. నిజంగా జరిగేది అదే. కానీ ఇవన్నీ ఒక్క కమాను లాగే వ్యవధిలో ఒకదానిలో ఒకటి కలిసిపోయి జరుగుతాయి. తలలోంచి ఒక్కోదానికీ ఆజ్ఞ పంపే తీరిక ఉండదు.

దాని బదులు ఇలా చెయ్యండి. తంబూరా యాప్ పెట్టుకోండి. మధ్యస్థాయి షడ్జం (స) తీగను వేలు పెట్టకుండా, ఒక్క కమానుకి ఆది తాళంలో ఎనిమిది అక్షరాల చొప్పున, నెమ్మదిగా లాగండి. మొదట తంబూరాను మాత్రమే వినండి. తర్వాత మీ శబ్దం తంబూరాలో కలుస్తోందా, పైన తేలుతోందా వినండి. కలిశాక ఒక్క కోరిక పెట్టుకోండి: చివరి జానెడులో శబ్దం సన్నబడకూడదు. చెయ్యి ఏం చేస్తోందో చూడకండి. మొదటి నాలుగైదు కమానులకు ఏమీ మారకపోవచ్చు. ఆ తర్వాత చూపుడువేలు తనంతట తాను వాలడం మొదలవుతుంది. ఎంత వాలాలో కూడా అదే చూసుకుంటుంది, ఎందుకంటే ఎక్కువైతే శబ్దం నలుగుతుంది, తక్కువైతే గాలిలాగా పోతుంది, ఆ రెండూ మీ చెవికి వెంటనే తెలుస్తాయి.

టీచరు మీకు చెప్పిన ప్రతి శరీర సూచననూ ఇలా శబ్దం భాషలోకి మార్చుకోవచ్చు. "మణికట్టు మెత్తగా ఉంచు" అన్నారనుకోండి. మీ నోట్‌బుక్‌లో "కమాను వెనక్కి తిరిగే చోట అతుకు వినపడకూడదు" అని రాసుకోండి. "కమాను వంకర పోతోంది" అన్నారా? "వెంట్రుక బ్రిడ్జికి, వేళ్లు నొక్కే ఫింగర్ బోర్డుకి మధ్య ఒకే దారిలో నడవాలి" అని రాసుకోండి. ఇది చూపుతో చేసే పనే అయినా చూసేది తీగను కాబట్టి ఇబ్బంది లేదు. "గట్టిగా నొక్కుతున్నావు" అంటే "స్వరం మొదట్లో గీకుడు ఉండకూడదు". భుజం పైకి లేస్తోందని చెబితే మాత్రం శబ్దంలోకి మార్చడం కష్టం. దానికి కమాను ఎత్తేసి, ఒక ఊపిరి పూర్తిగా వదిలి, మళ్లీ తీగ మీద పెట్టడం ఒక్కటే మందు.

మా ఊరి మాట ఒకటి చెప్పాలి. ఇక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు చెప్పడానికి అదే ఏడాది చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన కమాను నాదాన్ని ఇప్పటికీ జనం తలుచుకుంటారు. ఆయన రికార్డింగులు దొరుకుతున్నాయి. ఒక ఆలాపనలో ఒక్క నిమిషం ఎంచుకుని, కమాను ఎక్కడెక్కడ తిరిగిందో చెవితో పట్టుకోవడానికి ప్రయత్నించండి. చాలా చోట్ల దొరకదు. ఆ దొరకకపోవడమే మీ చెవికి గురి. మర్నాడు ఖాళీ తీగ మీద లాగేటప్పుడు మీ చెయ్యి దేన్ని అందుకోవాలో దానికి తెలిసి ఉంటుంది. తర్వాతి తరం ఫిడేలు విద్వాంసుల్లో లాల్గుడి జయరామన్, టి.ఎన్. కృష్ణన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్ ముగ్గురూ ఒకే కాలంలో కచేరీలు చేశారు. ముగ్గురి నాదం మూడు రకాలు, కమాను నడిపే తీరూ మూడు రకాలే. ఒక్క సరైన మణికట్టు ఎక్కడో ఉంది, అది దొరికితే అన్నీ చక్కబడతాయి అనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఈ ముగ్గురి వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఎడమచెయ్యి, వేళ్ల చోట్లు

నట్ (మెడ కొసన తీగ ఆనే చోటు) నుంచి బ్రిడ్జి దాకా ఫిడేలు తీగ పొడవు సుమారు 32.5 సెంటీమీటర్లు. తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళలో ఖాళీ తీగ స అనుకుంటే, రి నట్ నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర, గ 6.5 దగ్గర, మ 8 దాటాక పడతాయి. అంటే రి-గ మధ్య సందు పెద్దది, గ-మ దాదాపు అంటుకుని ఉంటాయి. పక్క తీగ మీద ప-ద-ని-స కూడా అచ్చంగా ఇదే కొలత, ఇవే వేళ్లు. ఇదంతా ఒకసారి తెలుసుకుని సంతోషించండి. ఎందుకంటే ఈ లెక్క తెలిసినా వేలు అక్కడ పడదు. రి దగ్గర 2 మిల్లీమీటర్లు అటూఇటూ అయితే చెవికి తెలుస్తుంది, కంటికి తెలియదు. మొదటి కొన్ని వారాలు ఫింగర్ బోర్డు మీద స్టిక్కర్లు ఉంటే తప్పులేదు. స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట వరుసలు మొదలుపెట్టేలోగా తీసెయ్యండి. స్టిక్కరు ఉన్నంతకాలం కన్నే పని చేస్తుంది.

వేలి చోటును పట్టించే సాక్షి ఫిడేలులోనే ఉంది. పై పంచమం (ప) తీగ మీద మూడో వేలితో, అంటే ఉంగరపు వేలితో, తారషడ్జం (పై స) పట్టండి. వేలు సరిగ్గా పడితే, ముట్టుకోని మధ్యషడ్జం తీగ కూడా సన్నగా మోగుతుంది, వాద్యమంతా ఒక్కసారి తెరుచుకున్నట్టు ఉంటుంది. వెంట్రుకవాసి తప్పితే ఆ మోత ఉండదు. మంద్రపంచమం తీగ మీద మూడో వేలితో పట్టే షడ్జానికి కూడా పక్కనున్న ఖాళీ షడ్జం తీగ ఇలాగే పలుకుతుంది. రోజూ ఐదు నిమిషాలు ఈ మోతను వెతకండి. "వేలు ఎక్కడ పెట్టాలి" అనే ప్రశ్న "మోత వచ్చిందా" అనే ప్రశ్నగా మారిపోతుంది. తప్పు పడితే వేలు ఎత్తి మళ్లీ పెట్టకండి. పెట్టిన చోటునుంచే మోత వినపడేదాకా మెల్లగా జరపండి. కొన్నాళ్లకు మొదటి దెబ్బకే దగ్గరగా పడుతుంది.

జంట వరుసల్లో స్ఫురితం అనే గమకం వచ్చినప్పుడు మరో రకం చిక్కు. రెండో రి కింది స ను తాకి రావాలి అని తెలిసిన మరుక్షణం, వేలిని ఎంత ఎత్తాలి, ఎంత గట్టిగా కొట్టాలి అని మొదలవుతుంది. నోటితో "స స, రి రి, గ గ" అని రెండోదాని మీద ఊనిక పెట్టి, చేత్తో తాళం వేస్తూ పాడండి. గొంతు దానంతట అదే కిందనుంచి తాకి వస్తుంది. తర్వాత వాయిస్తూ కూడా స్వరాలను పైకి అంటూనే ఉండండి. నోరు స్వరం పలుకుతున్నంతసేపూ తలలో వేలికి సూచనలు చెప్పే గొంతుకు సందు దొరకదు. తొలి పాఠాలైన సరళీ వరుసలనుంచి, ఆ పాఠాలన్నీ దాటాక వచ్చే వర్ణం దాకా ఇది పనిచేస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్లకు. మన ఫిడేలులో కుడిచేతిలో కమాను ఉంటుంది, కుడికాలు వాద్యాన్ని మోస్తుంది, కాబట్టి తాళం వేసుకునే దారి లేదు. నోటితో అంటుంటే ఆ తాళం కూడా లోపల నిలబడుతుంది.

గమకం దగ్గర లెక్క కట్టడం మానండి

తోడి రాగంలో గాంధారం (గ) ఉంది. కాగితం మీద రాస్తే సాధారణ గాంధారం. రాగంలో అది ఆ చోట నిలబడదు, శుద్ధ రిషభానికీ (రి) శుద్ధ మధ్యమానికీ (మ) మధ్య ఊగుతుంది. తీగ మీద ఆ రెంటి మధ్య దూరం 6 సెంటీమీటర్లు దాటుతుంది. ఈ మాట చెప్పగానే ఒకాయన, హ్యూస్టన్‌లో ఉంటారు, చాలా శ్రద్ధగల మనిషి, "ఒక అక్షరానికి ఎన్నిసార్లు ఊపాలి మేడమ్? ప్రతిసారీ మధ్యమం దాకా వెళ్లాలా, కొంచెం తక్కువ చాలా?" అని అడిగి, రాసుకుని, అలాగే వాయించారు. అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి, తోడి మాత్రం లేదు. వేలు గోడగడియారంలాగా అటూఇటూ తిరుగుతోంది.

ఆయన చేత చేయించినది ఇది. వారంపాటు ఆ గాంధారం ఉన్న ఒక్క సంచారాన్ని, అంటే రాగంలోని ఒక చిన్న స్వరాల నడకను, మాత్రమే తీసుకున్నాం. ఫిడేలు పెట్టెలోనే ఉంది. నేను పాడేదాన్ని, ఆయన పాడేవారు. గొంతు బాగుండనక్కర్లేదు, శ్రుతిలో ఉంటే చాలు. పాడేటప్పుడు చెయ్యి గాలిలో దానికి తగ్గట్టు కదిలితే కదలనివ్వమన్నాను. తర్వాత ఫిడేలు తీసి, కమాను లేకుండా, పాడుతూ ఎడమ చూపుడువేలును మాత్రం తీగ మీద జార్చమన్నాను. శబ్దం గొంతునుంచే వస్తుంది, వేలు దాని వెంట నడుస్తుంది. అదీ అలవాటయ్యాక కమాను పెట్టాం. అప్పుడు కూడా ఒక్కటే చూసుకోమన్నాను: ఊగి ఊగి స్వరం తాళంలో ఎక్కడ దిగుతోంది? ఆ దిగే చోటు నిలబడితే మధ్యలో ఊపు దానికదే సర్దుకుంటుంది. బాగా రాకపోతే వేలిని దిద్దవద్దు, కమాను దింపి మళ్లీ పాడండి. దిద్దాల్సినది గొంతులో దొరికితే వేలికి దిగుతుంది. గొంతులో కూడా దొరక్కపోతే రాగం ఇంకా వినాలి, అంతే.

నెమ్మదిగా వాయించడంలో ఉన్న ఉచ్చు

ఎక్కువ ఆలోచించేవాళ్లకు నెమ్మది అంటే ఇష్టం. ఒక్కో స్వరం దగ్గర ఆగి చేతిని తనిఖీ చేసుకోవచ్చు. మొదట్లో నెమ్మది కావాల్సిందే, కాదనను. కానీ నెలల తరబడి చౌక కాలంలోనే ఉంటే వేళ్లు ఒక్కొక్కటిగా పడటమే నేర్చుకుంటాయి. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, నాలుగు వేళ్ల పని ఒక్క కదలికగా రావాలి. ఆ కదలిక నెమ్మదిలో పుట్టదు. మన పాఠం మూడు కాలాల్లో ఉన్నది ఇందుకే అని నా నమ్మకం. ఒకే సరళీ వరుసను ఒకటి, రెండు, మూడు కాలాల్లో వరసగా వాయిస్తే, మూడోదానిలో ప్రతి వేలికీ విడిగా చెప్పే వీలుండదు. చెయ్యి గుంపుగా కదలక తప్పదు.

మూడో కాలం అందనివాళ్లు ముక్కలుగా తీసుకోవచ్చు. నాలుగు స్వరాలు, "స రి గ మ" అంతే, మీకు రాదనిపించే వేగంలో ఒక్క కమానులో వాయించి ఆగండి. సరిగ్గా వచ్చిందా లేదా చూడకండి. ఆగిన చోట ఒక ఊపిరి తీసుకోండి. ఆ నాలుగింటినీ అదే వేగంలో నోటితో అనండి. మళ్లీ వాయించండి. మూడు నాలుగు సార్లు అయ్యాక ఐదో స్వరం కలపండి. రోజుకు ఐదు నిమిషాలు మించవద్దు. శబ్దం కొంచెం మురికిగా ఉన్నా ఆ ఐదు నిమిషాలు ఓర్చుకోండి. తర్వాత మొదటి కాలానికి వచ్చినప్పుడు శుభ్రం చేసుకోవచ్చు.

చేతి గురించి ఆలోచించే పది నిమిషాలు

చేతి గురించి అసలు ఆలోచించవద్దని నేను అనను. మొదటి నెలల్లో టీచరు చెప్పిన పట్టు పట్టాల్సిందే. పాత అలవాటు ఒకటి మార్చాల్సి వచ్చినప్పుడు, ఒకే తప్పు రికార్డింగుల్లో రోజూ వినపడుతున్నప్పుడు, చేతిని చూసుకోక తప్పదు. దానికి సాధకంలో మొదటి పది నిమిషాలు కేటాయించండి. ఖాళీ తీగ మీదో, నిద్రలో కూడా వచ్చే మొదటి సరళీ మీదో చెయ్యండి, వర్ణం మీద ఎన్నడూ వద్దు. ఒక వారానికి ఒక్క విషయం. "ఈ వారం ఎడమ బొటనవేలు" అని నోట్‌బుక్‌లో రాసుకుంటే మోచెయ్యి ఎలా ఉన్నా ఆ వారం దాని జోలికి వెళ్లకూడదు. అద్దం పక్కన పెట్టుకుని కమాను తిన్నగా పోతోందో లేదో చూసుకోవడం కూడా ఈ పది నిమిషాల్లోనే. చివరి రెండు నిమిషాల్లో ఆ విషయం శబ్దంలో ఎలా వినపడుతోందో కనుక్కుని, ఆ మాట రాసుకుని, ఇక చేతి పని ముగించండి.

ఆ తర్వాత వాయించేది కృతి అయినా, వర్ణం అయినా, ఎత్తుకున్న భాగాన్ని చివరిదాకా ఆపకుండా వాయించాలి. తప్పు పడితే ఆగవద్దు, వెనక్కి వెళ్లవద్దు. పక్కన పెన్సిలు పెట్టుకుని, ముగిశాక ఆ చోట చిన్న చుక్క పెట్టండి. చుక్క పెట్టిన చోటు విడిగా పాడి, వాయించి, మళ్లీ పల్లవి నుంచి. ఒకే చోట మూడుసార్లు ప్రయత్నించినా రాకపోతే ఆరోజుకు వదిలెయ్యండి. అలసిన చేతితో పట్టుపడితే తప్పే గట్టిపడుతుంది.

రికార్డు చేసుకోవడం మంచి అలవాటు, కానీ ఆడియో మాత్రమే చెయ్యండి. వీడియో పెట్టుకుంటే కళ్లు చేతిని వెతుకుతాయి, చెవి పని మానేస్తుంది. రికార్డు చేసిన వెంటనే వినవద్దు, మర్నాడు ఆఫీసుకు వెళ్లే దారిలో ఎవరో పరాయివాళ్లు వాయించినట్టు వినండి. నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి రాసుకోండి. వీడియో టీచరుకి పంపడానికే తియ్యండి. పంపేటప్పుడు ఒక్క ప్రశ్న రాయండి. "చూసి చెప్పండి మేడమ్" అని ఊరికే పంపితే నేనైనా పది విషయాలు చెబుతాను, ఆ పదీ మళ్లీ మీ తలలోకి వచ్చి కూర్చుంటాయి.

కచేరీకో పోటీకో సిద్ధమవుతున్నవాళ్లు (అమెరికాలో జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పోటీలకు వెళ్లే పిల్లలు నా దగ్గర ఉన్నారు) చివరి పది రోజులు చేతి పని పూర్తిగా ఆపాలి. ఆ పది రోజుల్లో టీచరు కూడా పట్టు గురించి మాట ఎత్తకూడదు, తల్లిదండ్రులు అసలే ఎత్తకూడదు. వేదిక మీద టెన్షన్ వచ్చినప్పుడు పిల్లకి పట్టుకోవడానికి ఒక ధ్యాస ఇవ్వండి: మొదటి స్వరం తంబూరాలో కలిసిందా, అంతే. మొదటి కమాను కలిస్తే మిగతాది నడిచిపోతుంది.

నొప్పి వస్తే

నొప్పి సంగతి వేరు. వేళ్ల కొసల్లో మొదట్లో వచ్చే మంట కొన్ని వారాల్లో తగ్గుతుంది, దానికి భయం లేదు. మణికట్టు దగ్గరో, మోచేతి దగ్గరో, భుజం కిందో నొప్పి వస్తే, వేళ్లు తిమ్మిరెక్కితే, వాయించడం ఆపేశాక కూడా ఆ బాధ ఉంటే, ధ్యాస మార్చి దాటవేయాలని చూడకండి. ఆరోజుకు ఫిడేలు దించెయ్యండి. కూర్చునే తీరును టీచరుకి చూపించండి, తగ్గకపోతే ఎముకల డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో కలవండి. వెళ్లేటప్పుడు ఫిడేలు కూడా పట్టుకెళ్లండి. నేల మీద కూర్చుని వాయించే మన పద్ధతిని చాలామంది డాక్టర్లు చూసి ఉండరు, ఒకసారి కూర్చుని చూపిస్తే నొప్పి ఎక్కడినుంచి వస్తోందో వాళ్లకు తొందరగా తెలుస్తుంది. తగ్గి, మళ్లీ వాయించమని వాళ్లు చెప్పేదాకా రోజూ అదే సమయానికి తంబూరా పెట్టుకుని కూర్చోండి. నొప్పి లేని చేత్తో తాళం వేస్తూ వర్ణాన్ని రెండు కాలాల్లో పాడండి, తర్వాత మీకిష్టమైన ఒక ఆలాపన వినండి.